మట్టి జాతకం చూశారా?

స్థలం కొనేముందు ఏమేం చూస్తాం? ఈసీ తీయిస్తాం. లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపిస్తాం. వీధిపోటు ఉందేమో, ఈశాన్యం తగ్గిందేమో సిద్ధాంతిని అడుగుతాం. నీళ్లు పడతాయో లేదో చెప్పడానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగేవాళ్లూ వస్తారు. ఇన్ని చూసినా, ఆ మట్టిలో ఇంతకుముందు ఏం ఒలికిందని మాత్రం అడగం.

అమెరికాలో అడుగుతారు. ఆ అడిగే ఖర్చు చాలాచోట్ల ప్రభుత్వమే పెట్టుకుంటుంది!

ఈ అలవాటు ఊరికే రాలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో ‘లవ్ కెనాల్’ అని, తవ్వకం సగంలో ఆగిపోయిన పాత కాలువ ఒకటుంది. 1942 నుంచి 1953 దాకా హుకర్ కెమికల్ కంపెనీ అందులో దాదాపు 20 వేల టన్నుల రసాయన వ్యర్థాలు పూడ్చింది. పైన మట్టి కప్పి, ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు రాసిచ్చేసింది. బడి కట్టారు. చుట్టూ ఇళ్లు లేచాయి. కొన్నేళ్లకు ఇళ్ల సెల్లార్లలోకి రసాయనాలు ఊరడం మొదలైంది. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది.

ఆ దెబ్బతో 1980లో ‘సూపర్‌ఫండ్’ చట్టం తెచ్చారు. విషం పారబోసినవాళ్లే కాదు, స్థలం ఇప్పుడు ఎవరి పేరున ఉంటే వాళ్లూ శుభ్రం చేయించే ఖర్చుకు బాధ్యులే అంది చట్టం. వినడానికి బాగానే ఉంది కానీ, కొత్త చిక్కొచ్చిపడింది. మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలమంటే కొనేవాళ్లు లేరు, అప్పిచ్చే బ్యాంకు లేదు. తాడిచెట్టు కింద పాలు తాగినట్టు... లోపల ఏముందో తేలకుండానే, ఒట్టి అనుమానంతోనే నగరాల నడిబొడ్డున స్థలాలు పిచ్చిమొక్కలు మొలిచి పడున్నాయి. బిల్డర్లేమో ఊరిబయట పచ్చటి పొలాల మీద పడ్డారు. అలా వదిలేసిన స్థలాలనే ‘బ్రౌన్‌ఫీల్డ్’ అంటారు. దేశంలో ఇలాంటివి 4.5 లక్షలకు పైనే ఉంటాయని అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ (ఈపీఏ) అంచనా.

ముందు అనుమానం తీరాలి కదా! అందుకే 1990ల్లో ఈపీఏ నగరాలకు పరీక్షల ఖర్చు ఇవ్వడం మొదలెట్టింది. 2002లో దానికి చట్టం చేశారు. కొనేముందు పద్ధతి ప్రకారం విచారించుకున్న కొనుగోలుదారుకు పాత పాపంతో సంబంధం లేకుండా రక్షణా కల్పించారు. 2021 మౌలిక వసతుల చట్టం ఈ పథకానికి ఏకంగా 150 కోట్ల డాలర్లు కేటాయించింది. పరీక్షల గ్రాంటు నగరపాలక సంస్థలకు, కౌంటీలకు, లాభాపేక్ష లేని సంస్థలకే. ప్రైవేటు బిల్డరు నేరుగా అడిగితే ఇవ్వరు.

పటంలో పాత గుట్టు

పరీక్షంటే వెంటనే గునపం పట్టుకోరు. మొదటి దశలో మట్టి ముట్టుకోరు కూడా. కాగితాలు తిరగేస్తారు. ఇందులో అసలు సరదా సాన్‌బోర్న్ పటాలది. ఏ భవనం చెక్కతో కట్టారు, ఎక్కడ బాయిలరుంది, ఎక్కడ నూనె ట్యాంకుంది... అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం 19వ శతాబ్దం నుంచి వీధివీధీ గీసిపెట్టారు వీటిని. నిప్పు భయంతో గీసిన పటాలు ఇప్పుడు విషం జాడ చెబుతున్నాయి! తర్వాత స్థలమంతా తిరిగి చూస్తారు. పాత యజమానుల్ని, ఆ చోటు ఎరిగినవాళ్లని కూర్చోబెట్టి అడుగుతారు.

అనుమానం గట్టిపడితేనే రెండో దశ. బోర్లు దించి మట్టీ, భూగర్భజలం ల్యాబుకు పంపుతారు. పెట్రోలు బంకైతే బెంజీన్, మెరుగుపూత యూనిటైతే క్రోమియం. అమాయకంగా కనిపించే డ్రైక్లీనింగ్ దుకాణం కూడా తక్కువేం కాదు. అక్కడ వాడే పెర్‌క్లోరోఇథిలీన్ నేలలోకి దిగి, ఆవిరై పక్క ఇళ్లలోకీ చేరగలదు.

శుభ్రం చేశాక అంతా మామూలైపోతుందా అంటే, అదీ కాదు. సియాటెల్‌లో గ్యాస్ వర్క్స్ పార్కు ఉంది. అక్కడ పిల్లలున్న మనవాళ్లు ఎంతోమంది ఫొటోలు దిగే ఉంటారు. 1956 దాకా అది బొగ్గు నుంచి, నూనె నుంచి గ్యాసు తీసిన కర్మాగారం. 1975లో పార్కుగా తెరిచారు. గడ్డి మీద గాలిపటాలు ఎగరేసుకోవచ్చు కానీ, ఒడ్డున నీళ్లలోకి దిగనివ్వరు. అడుగున పాత తారు ఇంకా ఉంది మరి.

మన కాటేదాన్‌లో...

హైదరాబాద్ కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం, ఆర్సెనిక్ ఎక్కువగా ఉన్నాయని 2008లోనే శాస్త్రవేత్తల అధ్యయనం అచ్చయింది. కలుషిత స్థలాల మీద కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది మాత్రం 2025 జులైలో. అనుమానమున్న స్థలాల జాబితా జిల్లా యంత్రాంగం ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరీక్ష చేయాలి. కారకులు దొరక్కపోతే ఖర్చు ప్రభుత్వాలది.

అదే ఏడాది నవంబరులో తెలంగాణ ప్రభుత్వం దాదాపు 9,300 ఎకరాల పారిశ్రామిక భూముల్లో ఇళ్లూ, దుకాణాలూ కట్టుకునేందుకు వీలిచ్చే విధానం ప్రకటించింది. కాటేదాన్ పేరూ అందులో ఉంది. వాదోపవాదాలు ఎక్కువగా రేట్ల చుట్టూ, రుసుముల చుట్టూ తిరిగాయి. మట్టి సంగతీ గట్టిగా అడగాల్సింది. అక్కడ సాన్‌బోర్న్ పటాలు లేవు, నిజమే. కానీ ఏ షెడ్డులో ఏం తయారైందో, కడిగిన నీళ్లు ఏ మూలకు వదిలారో చెప్పగల పాత కార్మికులు చుట్టుపక్కల బస్తీల్లోనే ఉంటారు. అమెరికాలో మొదటి దశలో కూర్చోబెట్టి అడిగేది అలాంటివాళ్లనే.