రోగపరిశోధనా ఫలితములు లోకమున కెట్లు చేరును?

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు, మలేరియా రోగి రక్తమును పీల్చిన ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినితో పరీక్షించి, దాని గోడలో నల్లని రేణువులుగల కణములను చూచెను. మలేరియా పరాన్నజీవి దోమలో పెరుగుననుట కిది ముఖ్య నిదర్శనము. అయినను ఈ సంగతి ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ అను పత్రికలో అచ్చగుటకు డిసెంబరు 18వ తేదీ వచ్చినది. ఆ నమూనాలను చూచిన మరియొక వైద్యుని అభిప్రాయము కూడ ఆ వ్యాసముతో ప్రకటింపబడెను.

ఒకరు కనుగొన్న దానిని ఇతరులు పరీక్షింపగలిగినప్పుడే అది శాస్త్రమగును. అందుచేత నేటి పత్రికలలో సంపాదకుడు వ్యాసమును ఆ విషయము నెరిగిన ఇద్దరు ముగ్గురు నిపుణులకు పంపును. ప్రయోగము సరిగా జరిగినదా? రోగుల సంఖ్య చాలునా? నిర్ణయము ఆధారములను మించినదా? అని వారు విచారింతురు. ఒకరు దిద్దిన జవాబుపత్రమును మరియొక ఉపాధ్యాయుడు తిరిగి చూచుట వంటిదే ఇది. కాని దీనికి నెలలు పట్టవచ్చును. అంటువ్యాధి అంతవరకు ఆగదు.

ఈ చిక్కును తీర్చుటకు, సమీక్షకు ముందే వ్యాసమును అంతర్జాలములో అందరి యెదుట ఉంచు పద్ధతి వచ్చినది. అట్టి వ్యాసమును ‘ప్రీప్రింట్’ అందురు. భౌతికశాస్త్రజ్ఞులు 1991లోనే ఇట్టి భాండాగారము నేర్పరచుకొనిరి. వైద్యశాస్త్రమునకు ‘మెడ్‌ఆర్కైవ్’ అనునది 2019 జూన్‌లో వెలసెను.

మరుసటి సంవత్సరమే కోవిడ్ ప్రపంచమును చుట్టుముట్టెను. డెక్సామెథసోన్ అను చవుక మందు, శ్వాసయంత్రముపై నున్న రోగులలో మరణములను సుమారు మూడవవంతు తగ్గించునని బ్రిటనులో జరిగిన ప్రయోగము తేల్చెను. ఆ వివరములు 2020 జూన్ 22న ప్రీప్రింటుగా వెలువడెను. పత్రికలో వచ్చినది జూలై 17న. ఈ ఇరువదియైదు దినములు ఎందరికో ప్రాణమిచ్చు కాలమని వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే సమీక్ష జరిగినంత మాత్రమున తప్పు దొరలదని తలపరాదు. హైడ్రాక్సీక్లోరోక్విన్ హానికరమని చెప్పిన వ్యాసమొకటి సమీక్ష పిమ్మటనే మే 22న ‘లాన్సెట్’ పత్రికలో వెలువడెను. మూడు దినములలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందుపై తన ప్రయోగమును నిలిపినట్లు ప్రకటించెను. మూల వివరములు పరీక్షకు లభింపనందున జూన్ 4న ఆ వ్యాసము ఉపసంహరింపబడెను. ఆ మందు కోవిడ్‌కు పనిచేయదని తరువాత వేరు ప్రయోగములు తేల్చినవి.

కావున వైద్యవార్త కనబడినప్పుడు విద్యార్థి మూడు ప్రశ్నలు వేసికొనవలెను: నిపుణులు దీనిని చూచిరా? మూల వివరములు ఇతరులకు లభించునా? మరియొకచోట ఇదే ఫలితము వచ్చినదా? వేగము ప్రాణములను కాపాడును. ఆ వేగమునకు కళ్లెము ఈ ప్రశ్నలే.