బొగ్గుపులుసు గాలినుండి వంటచెఱకు

పొయ్యిలో కట్టె కాలిన పిదప బూడిద మిగులును. ఆ బూడిదతో మరల అన్నము వండెదనని యెవరైన పలికినచో మనము నవ్వుదుము. కాని కట్టె కాలునపుడు కంటికి కనబడని మఱియొక శేషము కూడ పుట్టుచున్నది. అదియే బొగ్గుపులుసు గాలి. మన నిశ్వాసమందును ఇది కలదు. సున్నపు తేటలోనికి గొట్టముతో ఊదినచో తేట పాలవలె తెల్లబడుటయే ఇందుకు నిదర్శనము. ఈ గాలిని మరల మండు పదార్థముగా చేయవచ్చునా?

చేయవచ్చును. బొగ్గుపులుసు గాలిని, ఉదజనిని కలిపి, వేడిచేసిన నికెలు పొడిమీదుగా పోనిచ్చినచో మండెడి మీథేను వాయువు, నీరు ఏర్పడునని ఫ్రాన్సు దేశీయుడగు పాల్ సబాత్యే 1902 ప్రాంతమున చూపెను. ఆయనకు 1912 లో నోబెల్ బహుమానము లభించెను. నికెలునకు మాఱుగా రాగి, తుత్తునాగము కలిసిన పొడిని వాడి, ఎక్కువ ఒత్తిడి కలిగించినచో మిథైల్ ఆల్కహాలు వచ్చును. ఇది మండును గాని, త్రాగినచో ప్రాణాంతకమగు విషము. ఐస్‌లాండు దేశమున స్వార్త్సెంగీ అను చోట, భూగర్భపు ఆవిరితో వెలువడు బొగ్గుపులుసు గాలినుండి దీనిని తయారుచేయు కర్మాగారము 2012 లో ప్రారంభింపబడెను. దానికి రసాయన శాస్త్రజ్ఞుడగు జార్జి ఓలా పేరిడిరి.

ఇక లెక్క చూతము. 44 గ్రాముల బొగ్గుపులుసు గాలికి 6 గ్రాముల ఉదజని చేర్చినచో 32 గ్రాముల ఆల్కహాలు, 18 గ్రాముల నీరు వచ్చును. బరువు సరిపోయినది. శక్తి మాటయేమి? ఆ ఉదజనిని కాల్చిన వచ్చెడి వేడి నూఱు పాళ్ళనుకొనినచో, ఆల్కహాలును కాల్చిన వచ్చునది సుమారు 85 పాళ్ళే. ఉదజనికై నీటిని విద్యుచ్ఛక్తిచే విడదీయుటలో అంతకుముందే కొంత వ్యయమగును. కావున ఈ ఆల్కహాలు శక్తికి పుట్టిల్లు కాదు. ఇతరత్ర లభించిన శక్తిని దాచుకొను గాదె మాత్రమే.

ఆ విద్యుచ్ఛక్తిని బొగ్గు కాల్చి తెచ్చినచో, పట్టిన గాలికంటె విడిచిన గాలియే అధికమగును. ఎండ, గాలి, జలపాతము, భూమి వేడిమి మున్నగువానినుండి తెచ్చినచో ప్రయత్నము సార్థకము. 1958 లో వాతావరణమున పది లక్షల పాళ్ళకు 315 పాళ్ళుగానున్న బొగ్గుపులుసు గాలి 2024 నాటికి 420 పాళ్ళు దాటినది గనుక ఈ విచారము మనకందఱకును అవసరము.

బాలబాలికలారా! గాలినుండి ఇంధనము తీసితిమని ఎవరైన చెప్పినపుడు సంతోషింపుడు. కాని ఉదజని ఎచ్చటినుండి వచ్చెనో, విద్యుచ్ఛక్తి ఎచ్చటినుండి వచ్చెనో తప్పక అడుగుడు.