పగబట్టిన వేటగాడు: కార్టూన్ సినిమాల్లో ఈ విలన్ ఎందుకంత భయపెడతాడు? వేదాద్రి నరసింహుడి కథకీ, ఎలుగుబంటి సినిమాకీ పోలికేంటి?

అడవి నేపథ్యంలో వచ్చే యానిమేషన్ సినిమాల్లో ఒక పాత్ర తరచూ కనిపిస్తుంది. చేతిలో ఈటెనో, తుపాకీనో పట్టుకుని ఒకే ఒక్క జంతువు వెంట పడతాడు. మాంసం కోసం కాదు, చర్మం కోసం కాదు. పగ కోసం! పిల్లలు ఫోన్‌లో ఈ సీన్లు చూస్తూ బిగుసుకుపోతారు. ఇంతకీ ఈ విలన్ ఎలా తయారవుతాడు? మన కథల్లో ఇలాంటివాడు ఉన్నాడా? చూద్దాం.

తప్పు ఎవరిది? పగ ఎవరి మీద?

2003లో డిస్నీ తీసిన 'బ్రదర్ బేర్' దీనికి మంచి ఉదాహరణ. ముగ్గురు అన్నదమ్ములు.. సిట్కా, డెనాహి, కెనాయ్. చిన్నవాడు కెనాయ్ చేపల బుట్టను సరిగ్గా కట్టడు. ఎలుగుబంటి వచ్చి చేపలు తీసుకుపోతుంది. కోపంతో కెనాయ్ దాని వెంట పడతాడు. తమ్ముళ్లను కాపాడబోయి పెద్దన్న సిట్కా ప్రాణాలు కోల్పోతాడు. ఎలుగుబంటిది తప్పు కాదని డెనాహి చెప్పినా వినకుండా కెనాయ్ దాన్ని చంపేస్తాడు. ఆ వెంటనే తనే ఎలుగుబంటిగా మారిపోతాడు.

అసలు ట్విస్ట్ ఇక్కడే. చిరిగిన బట్టలు చూసిన డెనాహి, తమ్ముణ్ని ఈ ఎలుగే చంపేసిందనుకుంటాడు. అప్పటిదాకా పగ వద్దన్నవాడే ఈటె పట్టి బయల్దేరతాడు. అంటే తను వేటాడుతున్నది సొంత తమ్ముణ్నే! చూసేవాళ్లకి ఈ విషయం తెలుసు, అతనికి తెలియదు. భయం పుట్టేది అందుకే. అతను చెడ్డవాడు కాదు, దుఃఖంలో ఉన్నవాడు. కానీ అతని చేతిలో ఈటె ఉంది.

అటు కెనాయ్‌కి కోడా అనే ఎలుగుపిల్ల తోడవుతుంది. తను చంపింది దాని తల్లినే అని తర్వాత తెలుస్తుంది. కెనాయ్ ఎలుగుగా మారాక తెర కూడా వెడల్పవుతుంది, రంగులు మరింత మెరుస్తాయి. మనిషిగా ఉన్నప్పుడు కనపడని లోకం జంతువు కళ్లకు కనిపిస్తుందన్నమాట.

తన బోనులో తనే

1981 నాటి 'ది ఫాక్స్ అండ్ ది హౌండ్'లోనూ ఇదే లెక్క. ఏమోస్ స్లేడ్ అనే వేటగాడి ముసలి కుక్క చీఫ్, టాడ్ అనే నక్కను తరుముతూ రైలు తగిలి కాలు విరగ్గొట్టుకుంటుంది. తరిమింది కుక్క, ఢీకొట్టింది రైలు. కానీ పగ మాత్రం నక్క మీద! వేట నిషేధించిన అడవిలోకి కూడా వెళ్లి ఉచ్చులు పెడతాడు స్లేడ్. చివరికి ఎలుగుబంటి మీద పడే సమయానికి అతని కాలు తను పెట్టిన ఉచ్చులోనే ఇరుక్కుంటుంది. అప్పుడు కాపాడింది ఆ నక్కే.

మన దగ్గర ఈ కథ ఎప్పటిదో

జగ్గయ్యపేట, ముక్త్యాల వైపు వాళ్లకి వేదాద్రి గురించి చెప్పనక్కర్లేదు. కృష్ణ ఒడ్డున యోగానంద లక్ష్మీనరసింహస్వామి గుడి. ఆ స్వామి కథలోనే పగబట్టిన వేటగాడున్నాడు. హిరణ్యకశిపుడు! వరాహ రూపంలో వచ్చిన విష్ణువు తోడబుట్టిన హిరణ్యాక్షుణ్ని చంపాడు. అన్నదమ్ముడి చావు, చంపింది జంతు రూపం, ఆపై తీరని పగ. అచ్చం డెనాహి కథలాగే మొదలవుతుంది. 2025 జులై 25న వచ్చిన యానిమేషన్ సినిమా 'మహావతార్ నరసింహ'ను తెలుగులోనూ జనం చూశారు. అశ్విన్ కుమార్ దర్శకత్వం వహించిన ఆ సినిమాకీ మూలం ఈ పగే.

భాగవతంలో ఇంకో ముచ్చట ఉంది. శూలం పట్టుకుని హిరణ్యకశిపుడు విష్ణువు కోసం లోకాలన్నీ గాలిస్తాడు. ఎక్కడా దొరకడు. ఎందుకంటే విష్ణువు వెళ్లి అతని గుండెలోనే దాక్కున్నాడు! వెతకని చోటు అదొక్కటే. డెనాహి ఆఖరి క్షణంలో నిజం చూసి ఈటె దించాడు, తమ్ముడు దక్కాడు. హిరణ్యకశిపుడు సొంత కొడుకు చెప్పినా వినలేదు.

మరి వేటగాళ్లంతా విలన్లేనా?

ఇక్కడే పిల్లలకి ఒక మాట చెప్పాలి. వేట వేరు, పగ వేరు. నీతిచంద్రికలో పావురాలకు వల వేసిన బోయవాడు పొట్టకూటి కోసమే వేశాడు. శివుడికి కళ్లిచ్చిన తిన్నడు వేటగాడే. మన జనం చెప్పుకునే కథల్లో నరసింహస్వామి మనసిచ్చిన చెంచులక్ష్మి కూడా వేటగాళ్ల ఇంటి ఆడపిల్లే. దీని మీద 1958లో అక్కినేని, అంజలీదేవి నటించిన సినిమా కూడా వచ్చింది.

ఈ ప్రాంతంలో చెప్పుకునే మరో కథ చేదుగా ఉంటుంది. తండ్రి పేరున జగ్గయ్యపేట కట్టించిన వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు, దోపిడీలు చేస్తున్నారన్న కోపంతో చెంచులను భోజనానికి పిలిచి తలలు నరికించాడని, ఆ చోటే నరుకుళ్లపాడు అయిందని, తర్వాత పశ్చాత్తాపంతో అమరేశ్వరుణ్ని ఆశ్రయించాడని అంటారు. ఇందులో వేటాడి బతికేవాళ్లే వేటకు బలయ్యారు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం. ఇప్పుడు కృష్ణకు ఎగువన నల్లమలలో, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో, అడుగుజాడలు చూసి పులుల్ని కాపాడే పనిలో చెంచులున్నారు. ఒకప్పుడు వేటకు పనికొచ్చిన చూపే ఇప్పుడు కాపలాకు పనికొస్తోంది.

అందుకే పిల్లలు ఇలాంటి సినిమా చూసి 'వేటగాడు చెడ్డోడు' అంటే అక్కడితో వదలొద్దు. 'ఇంతకీ అతనికి కోపం ఎవరి మీద రావాలి?' అని ఒక్కసారి అడిగి చూడండి.