వర్ణము: విశేషణమా? ఉపలక్షణమా?
(పాఠభేదపట్టికలలో రంగుగళ్ల అన్వేషణము)

నాగులేటి తీరమున నున్న దాచేపల్లి పలనాటి సీమలోని ఊరు. ఈ సీమకు ప్రాణప్రాయమైన వీరగాథ రెండు త్రోవల వచ్చినది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద యొకటి. వీరవిద్యావంతులు పాడు మౌఖికపాఠము వేరొకటి. ద్విపదను అక్కిరాజు ఉమాకాంతము గారు 1911లో ముద్రింపించిరి. మౌఖికపాఠమునకు జీన్ రోఘైర్ చేసిన ఆంగ్లానువాదము 1982లో వెలువడినది.

ఇట్టి గ్రంథముల పాఠభేదములను నేడు పరిశోధకులు కంప్యూటరుపై ఎక్సెల్ పట్టికగా కూర్చుకొనుచున్నారు. తాళపత్రపాఠమున్న గడికి పచ్చ, గాయకుల పాఠమున్న గడికి పసుపు, లేఖకదోషమున్న గడికి ఎరుపు వేసిరనుకొందము. పట్టిక వేలవరుసలకు పెరిగిన పిమ్మట పసుపుగళ్లను మాత్రమే వెదకి యెంచుకొనుట ఎట్లు?

ప్రథమోపాయము ‘ఫైండ్’. కంట్రోల్, ఎఫ్ మీటలను కలిపి నొక్కి, ‘ఆప్షన్స్’ తెరచి, వెదకవలసిన మాట వ్రాయు చోటును ఖాళీగా విడిచి, ‘ఫార్మాట్’లోని ‘ఫిల్’ విభాగమున పసుపును ఎన్నుకొనవలెను. ‘ఫైండ్ ఆల్’ నొక్కినచో గళ్ల జాబితా వచ్చును. ఆ జాబితాలో కంట్రోల్, ఎ నొక్కినచో అన్నియు ఒక్కమారుగా ఎంపికయగును. ఒక గడినే నమూనాగా చూపు సౌకర్యమును కలదు; కాని అది రంగుతోపాటు అక్షరరూపము మొదలగు లక్షణముల నన్నిటిని గ్రహించును గనుక, పసుపై యుండియు అక్షరరూపము భిన్నమైన గళ్లు తప్పిపోవును. పని ముగిసిన పిదప ‘క్లియర్ ఫైండ్ ఫార్మాట్’తో ఆ నియమమును తొలగింపనిచో, తరువాతి వెదకులాటయు దానికే లోబడును.

ద్వితీయోపాయము ‘ఫిల్టర్’. 2007 ఎక్సెల్ నుండి ఒక నిలువువరుసలో ఒక రంగు గల వరుసలను మాత్రమే నిలిపి, తక్కినవానిని మరుగుపరచు వీలున్నది. నియమముననుసరించి తనంత తాను మారు రంగును ‘ఫైండ్’ గుర్తింపదు, ‘ఫిల్టర్’ గుర్తించును. ఇది ఈ రెంటికిని గల ముఖ్యభేదము.

ఇంతమాత్రమున కార్యము సిద్ధించినదా యన్నచో, లేదు. కాకి వాలిన ఇల్లు దేవదత్తునిదని చూపుట శాస్త్రప్రసిద్ధోదాహరణము. కాకి ఇంటిని చూపును గాని ఇంటిలో భాగము గాదు. ఎగిరిపోయినను ఇల్లు మారదు. అది ఉపలక్షణము. వస్తువుతో నిలిచి దానిని ఇతరములనుండి వేరుపరచునది విశేషణము. గడి రంగు కాకివంటిది. సామాన్య సూత్రములు గడిలోని విలువను చదువును గాని రంగును చదువవు. రంగు మార్చినంతమాత్రమున లెక్క మరల జరుగదు. పట్టికను ‘సిఎస్‌వి’ అను సాదా పాఠరూపమున భద్రపరచినచో రంగులన్నియు ఎగిరిపోవును.

అప్పుడు కలుగు నష్టము అల్పము గాదు. పసుపునకును ఎరుపునకును భేదము నశించినచో గాయకుని పాఠము లేఖకదోషముగా భ్రమింపబడును. పరిష్కర్త దానిని దిద్దివేయును. తరతరములుగా కంఠస్థమై వచ్చిన మాట తప్పుల జాబితాలో చేరును.

కావున రంగును విశేషణముగా మార్చుట కర్తవ్యము. రంగునుబట్టి ‘ఫిల్టర్’ చేసి, ప్రక్కన ‘ఆకరము’ అను క్రొత్త నిలువువరుసలో కనబడు గళ్లను ఎంచుకొని, ఆల్ట్‌తో సెమికోలన్ నొక్కి మరుగున నున్నవానిని వదలి, ‘గాయకపాఠము’ అని వ్రాసి కంట్రోల్‌తో ఎంటర్ నొక్కవలెను. ప్రతి రంగునకును ఇట్లే చేయవలెను. పసుపుగళ్లనే ఎంచుకొని వానిలో వ్రాసినచో పాఠమే చెరిగిపోవునని మరువరాదు. ఏ రంగున కేది యర్థమో పట్టిక మొదట వ్రాసియుంచుటయు ఆవశ్యకము. రంగు కంటికి, మాట శాస్త్రమునకు: రెండును ఉండవచ్చును, ప్రమాణము మాత్రము మాటయే.