నల్గొండ నీళ్ల కోసం నడిచిన మనిషి

నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో మనిషిని చూసి వయసు చెప్పడం కష్టమైపోయిన కాలం ఒకటుంది. నలభై ఏళ్లకే నడుము వంగేది. మెడ తిరగక, పక్కనున్న మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చేది. బడికెళ్లే పిల్లలకు గారపళ్లు. కొందరికి కాళ్లు వంకర తిరిగి, నడక రాకుండానే బాల్యం గడిచిపోయింది. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. ఊరి బావిలో, బోరింగులో దొరికిన నీళ్లు తాగారు, అంతే.

ఇక్కడి నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. అందులోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరుగుతుంది. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. రంగు మారదు, వాసన రాదు కాబట్టి కంటికి తెలియదు. కాచినా పోదు. నీరు ఆవిరై, మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకుని కీళ్లను బిగించేస్తుంది.

ఈ జబ్బు సంగతి ప్రభుత్వాలకు తెలియనిది కాదు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నేటి ప్రకాశం జిల్లా వైపు పల్లెల్లో, వైద్యులు దీన్ని గుర్తించి రాశారు. తర్వాతి దశాబ్దంలో నల్గొండలోనూ బయటపడింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు రూపొందించి దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. జిల్లా పేరు పద్ధతికి దక్కింది, జిల్లా పల్లెలకు మంచినీళ్లు దక్కలేదు. కృష్ణ ఈ జిల్లా అంచునే పారుతుంది. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి పడింది. అయినా మెట్ట ఊళ్ల గొంతు తడవలేదు.

ఈ అన్యాయాన్ని తన సొంత బాధగా తీసుకున్నవారు దుశర్ల సత్యనారాయణ. వ్యవసాయం చదివి, బ్యాంకులో ఉద్యోగం చేస్తూ పల్లెలకు తిరిగిన మనిషి. ఆ ఉద్యోగాన్ని వదిలేశారు. జల సాధన సమితి పెట్టి, ఊరూరా తిరిగి, బాధితులనే ఉద్యమానికి ముందు నిలబెట్టారు. కృష్ణా నీళ్లు ఇవ్వండన్నది ఒక్కటే కోరిక.

వినతిపత్రాలకు జవాబు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఆ కోపం నామినేషన్లుగా మారింది. నల్గొండ స్థానంలో 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఎన్నికల సంఘం పోలింగును వాయిదా వేయాల్సి వచ్చింది. దేశమంతా నల్గొండ నీళ్ల గురించి మాట్లాడింది. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్టు 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. నామినేషన్లు తగ్గించే చట్టం నెలల్లో వచ్చింది, ఫ్లోరైడ్ లేని నీళ్లకు మాత్రం ఏళ్లు పట్టింది.

2003లో సత్యనారాయణ బాధితులను ఢిల్లీ తీసుకెళ్లారు. శివన్నగూడేనికి చెందిన అంశల స్వామిని ప్రధాని వాజపేయి ముందు ఉంచారు. ఎదగని కాళ్లు చేతులతో ఉన్న ఆ యువకుడే ఆ రోజు జిల్లా అంతటికీ సాక్ష్యం అయ్యాడు.

ఉద్యమం ఊరికే పోలేదు. తెలంగాణ వచ్చాక ఇంటింటికీ నల్లా నీరిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో అప్పటి నల్గొండ జిల్లాలోని చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. నది నీరు నల్లాల్లోకి వచ్చింది. రాష్ట్రంలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు లేవని 2020లో కేంద్రం చెప్పింది. పసిపిల్లలు ఇప్పుడు వేరే నీళ్లు తాగుతున్నారు. ఇది గెలుపే, దీన్ని తక్కువ చేయకూడదు.

అయితే వంగిన ఎముక మళ్లీ నిటారు కాదు. అంశల స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు. ఆయనలాంటి వాళ్లు ఆ ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లకు పింఛను, మందులు, మంచి తిండి, చక్రాల కుర్చీ అందాలి. అవి దయతో ఇచ్చేవి కావు. ఆలస్యం చేసినవాళ్లు తీర్చాల్సిన బాకీ.

ఇంకో మాట కూడా ఉంది. నల్లా నాలుగు రోజులు ఆగితే ఊరు మళ్లీ బోరింగు దగ్గరికే పోతుంది. నేలలో ఫ్లోరైడ్ ఎక్కడికీ పోలేదు. అందుకే నల్లా నీరు ఆగకూడదు, బోరు నీటి పరీక్షలు మానకూడదు. పైగా శ్రీశైలం నీటిని ఈ మెట్టకు తేవాల్సిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం ఇంకా పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరిలో అందులో పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు.

మీ ఊళ్లో బోరు నీళ్లే తాగుతుంటే ఒక్కసారి పరీక్ష చేయించండి. నల్గొండకు ఆ మాట చెప్పేవాళ్లు లేక ఎన్నో నడుములు వంగిపోయాయి.