పదకొండో తరగతి గుమ్మం

మన చాళ్ళలో పదో తరగతి చదివే పిల్ల ఏ ఇంట ఉన్నదో ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. రాత్రి పదకొండు దాటినా ఆ ఖోలీలో దీపం ఆరదు. టీవీ నోరు మూసుకొని కూర్చుంటుంది. చుట్టాలు వస్తే "పిల్లకు టెన్తు ఉన్నది" అని గుమ్మం దగ్గరే నవ్వుతూ చెప్పి, చాయ గ్యాలరీలోనే ఇచ్చి సాగనంపుతారు. తల్లి వంటగిన్నెలు చప్పుడు కాకుండా తోముకొంటుంది. తండ్రి డ్యూటీ నుంచి వచ్చి, మాట్లాడకుండా నాలుగు ముద్దలు తిని, పడకకు చోటు లేక బయట వెలుపలి గోడకు ఆనుకొని కునుకు తీస్తాడు.

ఇంత తపస్సు దేనికి? పదో తరగతి గట్టెక్కడానికి అనుకొంటే పొరపాటు. గట్టెక్కడం ఈ రోజుల్లో పెద్ద సంగతి కాదు. కోరిన కాలేజీలో పదకొండో తరగతి సీటు దొరకడం వేరే సంగతి. ధారావిలో బయలుదేరి తీరికగా నడిచినా గంట తిరక్కుండా మాటుంగా చేరుకోవచ్చును. అక్కడ 1937లో వెలసిన రూయా కాలేజీ, అదే ఏడు వచ్చిన ఖాల్సా కాలేజీ, వాణిజ్యానికి పేరుపడ్డ పోద్దార్ కాలేజీ దగ్గర దగ్గరగా ఉన్నవి. పట్టాలు దాటితే రూపారెల్. మన పిల్లలు ఆ గేట్ల ముందునుంచి రోజూ నడిచి వెళ్తారు. లోపలికి వెళ్ళేవారు మాత్రం కొద్దిమందే. ఆ గుమ్మం ఎట్లా దాటాలో, దాటనివ్వక అడ్డుపడుతున్నది ఏమిటో మన పాఠకులతో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ వ్యాసం.

పరీక్ష ఎక్కడున్నది?

ఇంగ్లండులో పదహారేళ్ళ పిల్లలను చేర్చుకొనేందుకు కొన్ని పేరున్న విద్యాలయాలు తామే ప్రవేశ పరీక్ష పెట్టుకొంటాయి. మన ఆంధ్ర, తెలంగాణలలో కూడా గురుకుల జూనియర్ కాలేజీలకు పదో తరగతి తరువాత వేరే పరీక్ష ఉన్నది. మహారాష్ట్రలో మాత్రం పద్ధతి వేరు. 1975లో పది, ఆ పైన రెండు అనే కొత్త విద్యావిధానం ఇక్కడ వచ్చినప్పటి నుంచి పదో తరగతి బోర్డు మార్కులే పదకొండో తరగతికి తాళంచెవి. వేరే ప్రవేశ పరీక్ష లేదు. అంటే ప్రవేశ పరీక్ష లేదని కాదు, పదో తరగతి పరీక్షే ప్రవేశ పరీక్ష.

ఒక్కసారి మాత్రం దీన్ని మార్చబోయారు. కోవిడ్ మూలంగా 2021లో పదో తరగతి పరీక్షలు రద్దయినవి. బడులు ఇచ్చిన మార్కులతోనే జూలై 16న ఫలితాలు వెలువడితే, 99.95 శాతం మంది ఉత్తీర్ణులైనారు. అందరూ నెగ్గిన పందెంలో బహుమానం ఎవరికివ్వాలి? అందుకని రాష్ట్ర ప్రభుత్వం మే 28ననే ఒక ఉత్తర్వు ఇచ్చి, పదకొండో తరగతికి ప్రవేశ పరీక్ష ఏర్పాటు చేసింది. ఆగస్టు 21న, రెండు గంటలలో, నూరు మార్కులకు, సరియైన జవాబుకు గుర్తు పెట్టే పద్ధతి. ఇష్టమున్నవారే రాయవచ్చు, కాని రాసినవారికే ముందు సీట్లు. ప్రశ్నలు రాష్ట్ర బోర్డు పాఠాల నుంచి. వేరే బోర్డులో చదివిన ఒక విద్యార్థిని హైకోర్టుకు వెళ్ళింది. సరిగ్గా పదకొండు రోజులు మిగిలి ఉండగా, ఆగస్టు 10న, బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పదో తరగతికి వేసిన మార్కులతోనే సీట్లు ఇచ్చి ఆరు వారాలలో పని ముగించమన్నది.

ఆ వేసవి మన చాళ్ళలో రెండు మాటలు విన్నాము. "పోనీలెండి, పీడ వదిలింది" అన్నవారు కొందరు. "మా వాడు నెలంతా రాత్రులు మేలుకొని చదివె, ఇప్పుడు ఆ చదువును ఏం చేసుకోవాలె?" అన్నవారు కొందరు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితో పనిలోకి పోతే, రాత్రి తొమ్మిది తరువాత వంతులవారీగా పాఠాలు విన్న పిల్లలు వాళ్ళు. ఒక పరీక్ష తమ విలువను చూపిస్తుందని ఆశపడ్డారు. ఆ ఆశ తప్పు కాదు. అయితే మరుసటి సంవత్సరం నుంచి పదో తరగతి పరీక్ష మళ్ళీ తన చోటికి వచ్చింది కనుక, ఇక మన చూపంతా దానిమీదనే నిలపాలి.

మార్కుల లెక్క

పరీక్షకు ఆరు సబ్జెక్టులు, ఒక్కొక్కటి 100 మార్కులు. అందులో మేలైన ఐదింటిని 500కు కట్టి శాతం తీస్తారు. భాషలకు రాత 80, మిగిలిన 20 నోటి పరీక్ష వంటివాటికి. లెక్కలకు నలభై నలభైగా రెండు పేపర్లు, సైన్సుకూ అంతే, మిగిలిన ఇరవై బడి చేతిలో ఉంటాయి. ఈ ఇరవైని మన పిల్లలు చిన్నచూపు చూస్తారు. నోటుపుస్తకం వేళకు ఇవ్వకపోవడం, ప్రయోగాల పుస్తకం చివరి రాత్రి నకలు చేయడం మామూలు. పైన మూడు మార్కులకు సీటు పోయినప్పుడు ఆ నోటుపుస్తకాలే గుర్తుకు వస్తాయి.

చిత్రలేఖనంలో ప్రభుత్వ గ్రేడు పరీక్షలు ప్యాసైనవారికి, శాస్త్రీయ సంగీత నృత్యాలలో గుర్తింపు పొందిన పరీక్షలు ఇచ్చినవారికి, రాష్ట్ర స్థాయి ఆటలు ఆడినవారికి అదనపు మార్కులు ఉన్నవి. మగ్గం మీద పువ్వులు దించిన చేతుల వారసులు బొమ్మల పరీక్షకు పోకపోతే ఎట్లా? ఇది తొమ్మిదిలోపే చూసుకోవలసిన పని.

మార్కులు వచ్చినంతలో పని కాదు. దరఖాస్తు అంతా కంప్యూటరు మీదనే. 2009 నుంచి ముంబాయిలో ఉన్న ఈ పద్ధతిని 2025లో రాష్ట్రమంతటికీ వర్తింపజేశారు. పది కాలేజీల దాకా వరుసగా కోరుకోవచ్చు. ఇక్కడొక మెలిక ఉన్నది. మొదట రాసుకొన్న కాలేజీయే దొరికితే చేరి తీరాలి. చేరకపోతే తరువాతి మామూలు విడతలలో చోటు ఉండదు. పక్కింటి పిల్లవాడు ఏది రాస్తే అదే రాయడం, పేరు వినసొంపుగా ఉన్నదని ఒకటో నంబరు ఇవ్వడం తగదు. కిందటి సంవత్సరం ఏ కాలేజీలో ఎన్ని మార్కుల దగ్గర తలుపు మూశారో జాబితా దొరుకుతుంది. దాన్ని ముందు పెట్టుకొని, రాకపోకల ఖర్చు లెక్క చూసుకొని, అందేవి కొన్ని, ఆశపడేవి కొన్ని రాసుకోవాలి.

మరొక సంగతి. తెలుగులోనో మరాఠీలోనో పది దాకా చదివిన పిల్ల సైన్సు తీసుకొంటే పదకొండులో పాఠాలు ఇంగ్లీషులో వింటుంది. కిరణజన్య సంయోగక్రియ తెలిసిన పిల్ల ఫొటోసింథసిస్ అన్న మాట దగ్గర తెల్లబోతుంది. తెలియక కాదు, పేరు మారింది అంతే. పరీక్షలు మార్చిలో ముగుస్తాయి. అప్పటి నుంచి కాలేజీ తెరిచేదాకా రోజుకు పది మాటలు నేర్చుకొన్నా ఆ భయం సగం తీరుతుంది.

ట్రంకుపెట్టెలోని కాగితం

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెప్పుకొంటాము. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది.

మా తమ్ముని కూతురు పదో తరగతిలో నూటికి తొంభై ఒకటి తెచ్చుకొన్నది. మాటుంగాలో సైన్సు చదవాలని పిల్ల కోరిక. సాధారణ జాబితాలో ఆ కాలేజీ తలుపు అంతకు కాస్త పైనే మూసుకొన్నది. మా తరగతికి ఉన్న రిజర్వేషనులో అయితే సీటు దక్కేది. కాని దానికి జాతి దాఖలా కావాలి. మన కుటుంబాలు ఈ రాష్ట్రంలో ఎప్పటి నుంచి ఉన్నవో చూపితేనే ఆ దాఖలా ఇస్తారు. వెనుకబడిన తరగతులకు, ప్రత్యేక వెనుకబడిన తరగతులకు 1967 అక్టోబరు 13, విముక్త సంచార జాతులకు 1961 నవంబరు 21, షెడ్యూల్డు కులాలకు 1950 ఆగస్టు 10. ఆ తేదీకి ముందే తాతో ముత్తాతో ఇక్కడ ఉన్నారన్న కాగితం లేకపోతే, మూడు తరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినా మనం వలస వచ్చినవారి కిందనే లెక్క.

మా తండ్రిగారు కార్పొరేషను బడిలో చదివినవారు. 1982 సమ్మెదాకా మిల్లులో పని చేసినవారు. ఆయన బడి దాఖలా ఉండాలి. "ఏడ బోతది, పెట్టెల్నే ఉంటది" అని మా అమ్మ అన్నది. మేము అటక మీద రెండు పెట్టెలు దింపి చూచి, లేదన్నాము. గడువు తీరింది. పిల్ల రోజుకు రెండు గంటలు రైలులో పోయివచ్చే దూరపు కాలేజీలో చేరింది. దసరాకు ఇల్లు దులుపుతుంటే ఆ దాఖలా బయటపడ్డది. మిల్లు ప్రావిడెంటు ఫండు కాగితాల నడుమ, నాలుగు మడతలు వేసి, మా తండ్రిగారే భద్రంగా పెట్టారు. ఆ కట్టను మేము విప్పనైనా లేదు.

పిల్ల దాన్ని చేతిలోకి తీసుకొని తాత పేరు చదువుకొన్నది. "చెల్లెకన్న పనికొస్తది పెద్దబాపూ, మంచిగ దాచిపెట్టుండ్రి" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండునని మాకు అనిపించింది.

కనుక పాఠకులకు మా మనవి. పిల్ల ఎనిమిదో తరగతికి రాగానే పెట్టెలు దింపండి. తాతల బడి దాఖలాలు, జనన రిజిస్టరు నకళ్ళు, పాత అద్దె రసీదులు, రేషను కార్డులు, మిల్లు పత్రాలు ఒక్కొక్కటిగా విప్పి చూడండి. కులం చూపే కాగితం ఒకటి, అప్పటికే ఇక్కడ కాపురమున్నట్లు చూపే కాగితం ఒకటి కావాలి. వెనుకబడిన తరగతులవారు క్రీమీలేయరు కాదన్న పత్రం కూడా తీసుకోవాలి. 2024లో ధారావి పునర్నిర్మాణ సర్వే మొదలైనప్పటి నుంచి ఇంటి కోసం అందరూ కాగితాలు వెతుకుతూనే ఉన్నారు. అదే చేత్తో పిల్లల చదువు కాగితం కూడా తీసి పెట్టండి.

సంఘం చేయగల పని

పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి నిజాము సీమ నుంచి వచ్చి ఈ నగరం రాళ్ళు మోసిన కామాఠీల పేరనే కామాటిపుర వెలిసింది. ఆ కూలీలలోనుంచే కాంట్రాక్టర్లైన పెద్దలు కొందరు, 1873లో పూణేలో జ్యోతిబా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి అండగా నిలిచారు. వెంకూ బాలాజీ కాళేవార్, జయా కరాడీ లింగూ వంటివారి పేర్లు ఆ సమాజ చరిత్రలో ఉన్నవి. సమాజానికి అచ్చుయంత్రం కొనిపెట్టినవారు మనవారే. తమకు దక్కని చదువు రాబోయేవారికి దక్కాలని ఆ పెద్దలు జేబు విప్పారు. ఈనాడు మన సంఘాలు విప్పవలసింది జేబు కూడా కాదు, తాళం.

మరాఠీ పేటల్లో మండళ్ళు నడిపే అభ్యాసికలను మనం చూస్తూనే ఉన్నాము. ఒక గది, నాలుగు బల్లలు, ట్యూబులైట్లు, ఒక పంకా. మాట్లాడరాదన్న నియమం. పిల్లలు భోంచేసి వచ్చి చదువుకొని పోతారు. మన సంఘాల గదులు పండుగ సభలకు, పెళ్ళి మాటలకు తెరుచుకొని, మిగతా రాత్రులు తాళం వేసి ఉంటాయి. డిసెంబరు నుంచి మార్చి దాకా రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు వరకు వాటిని పరీక్ష పిల్లలకు ఇస్తే ఎవరి సొమ్మూ పోదు. ఇంట ఆరుగురు పడుకొనే ఖోలీలో, నల్లా వచ్చే వేళకు లేచి నీళ్ళు పట్టే పిల్లకు, మూడు గంటలు కదలకుండా ఒక పాత ప్రశ్నపత్రం రాసే చోటు కావాలి. ఇంట్లో ఆ చోటు లేదు. ఆడపిల్లలు తిరిగి వెళ్ళేటప్పుడు తోడుండేందుకు ఇద్దరు తల్లులు వంతులు వేసుకొంటే ఆ చింతా తీరుతుంది. ఇంజనీరింగో కామర్సో చదువుతున్న మన యువకులు ఆదివారం రెండు గంటలు కూర్చుంటే, కోచింగు క్లాసుకు కట్టలేని ఇంటి పిల్లకు అడిగే మనిషి దొరుకుతాడు. కాగితాల పని తెలిసిన పెద్ద ఒకరు నెలకొకసారి వచ్చి, ఎవరి దాఖలా ఎక్కడ ఆగిందో చూచిపెడితే మా తమ్ముని కూతురి వంటి పిల్ల మరొకరు ఉండరు.

ఆ అమ్మాయి ఇప్పుడు పన్నెండో తరగతిలో ఉన్నది. రైలులో నిలబడి చదవడం అలవాటు చేసుకొన్నది. దాని చెల్లెలు ఈ ఏడు తొమ్మిదికి వచ్చింది. తాతగారి బడి దాఖలాకు మూడు నకళ్ళు తీయించి, అసలును ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ పిల్ల పేరు రాసి దాచాము. ఇక కావలసింది ఆ పిల్ల కూర్చొని చదువుకొనేందుకు ఒక బల్ల. సంఘం గది తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో కార్యదర్శిగారు వచ్చే సమావేశంలో చెబితే సంతోషిస్తాము.