బొమ్మ భుజమెక్కిన మాట

విశాఖపట్నం లాంటి రేవు ఊళ్లో పాత టీవీకి మాట పోయిందంటే, వెనక మూత విప్పకముందే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ సెట్టు ఏ దేశపు ప్రసారాల కోసం తయారైంది? బొమ్మ వస్తోంది, స్పీకర్లోంచి మాత్రం ఉత్త బుసే వినిపిస్తోంది. చాలాసార్లు అది చెడిపోయిన సెట్టు కాదు. మన దూరదర్శన్ ప్రసారంలో బొమ్మను మోసే తరంగానికి 5.5 మెగాహెర్ట్జ్ పైన శబ్దాన్ని మోసే తరంగం ఉండేది. అమెరికా, జపాన్ పద్ధతిలో ఆ ఎడం 4.5. బ్రిటన్, హాంకాంగ్‌లలో 6. సోవియట్ దేశంలో 6.5. ఓడ దిగి ఇంటికి చేరిన సెట్టు తాను పుట్టిన లెక్క దగ్గరే మాట కోసం వెతుకుతుంది. అమెరికా సెట్టులో బొమ్మ పైకో కిందికో పరుగెడితే వర్టికల్ హోల్డ్ నాబ్ తిప్పి ఆపవచ్చు. మాటను దారికి తెచ్చే నాబ్ బయట ఎక్కడా ఉండదు. లోపలి కాయిల్ పక్కనున్న కెపాసిటర్ విలువను సుమారు మూడో వంతు తగ్గిస్తే 4.5 దగ్గర పలికే సర్క్యూటు 5.5కి ఎక్కుతుంది. అది తెలిసిన మెకానిక్ చేతిలో ఆ సెట్టుకు మాట వస్తుంది. తెలియని చోట స్పీకరు మారుస్తారు, ఐసీ మారుస్తారు, చివరికి సెట్టునే పారేస్తారు.

ఈ ఒక్క అంకెకు ఇంత పట్టు ఎందుకు వచ్చిందో తెలియాలంటే, లూయీ పార్కర్ అనే ఇంజనీరు దగ్గరికి వెళ్లాలి. ఆయన హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడ్డాడు. తొలినాళ్ల టీవీల్లో ట్యూనర్ దాటగానే బొమ్మ, శబ్దం విడిపోయి ఎవరి దారిన అవి నడిచేవి. రెండు దారులకూ వేరువేరు వాల్వులు, వేరువేరు ఖర్చు. పైగా సెట్టు వేడెక్కి ట్యూనర్లోని ఆసిలేటర్ కాస్త జరిగితే చాలు, ముందు మాయమయ్యేది మాటే. శబ్దపు దారి అంత ఇరుకైనది. రెండింటినీ కలిపే ఎందుకు పెంచకూడదు అని పార్కర్ ఆలోచించాడు. 1944లో దరఖాస్తు చేసిన ఆ పద్ధతికి 1948లో పేటెంటు వచ్చింది. బొమ్మ తరంగం, శబ్ద తరంగం వీడియో డిటెక్టర్లో ఒకదానితో ఒకటి కలిసినప్పుడు వాటి మధ్య ఎడం తనంతట తానే కొత్త తరంగంగా పుడుతుంది. మన సెట్లలో 38.9, 33.4 మెగాహెర్ట్జ్‌ల తేడాగా పుట్టే 5.5 అదే. ఆ ఎడాన్ని నిర్ణయించేది ప్రసార కేంద్రం. ఇంట్లో సెట్టు ఎంత వేడెక్కినా, ట్యూనర్ ఎంత జరిగినా తేడా మారదు. దీన్నే ఇంటర్‌కారియర్ పద్ధతి అంటారు. టీవీ సామాన్యుడి ఇంటికి దిగి రావడంలో పిక్చర్ ట్యూబుకు ఎంత వాటా ఉందో ఈ పొదుపుకూ అంతే ఉందని నా నమ్మకం.

అయితే మాట బొమ్మ భుజమెక్కి ప్రయాణం చేస్తోంది. మోసేవాడు తూలితే పైనున్నవాడూ తూలతాడు. పాత టీవీల్లో అందరినీ విసిగించిన 'జ్‌ర్‌ర్' మోత పుట్టేది ఇక్కడే. మన పద్ధతిలో తెర మీద నలుపు ఉన్నప్పుడు తరంగం బలంగా, తెలుపు ఉన్నప్పుడు బలహీనంగా ఉంటుంది. ఎంత తెల్లటి తెలుపు వచ్చినా పదో వంతు బలం మిగలాలని నియమం. ఆ మిగులు లేకపోతే 5.5 పుట్టడానికి ఆధారమే ఉండదు. తెర మీద పేర్లు, వార్తల శీర్షికలు మెరిసే తెల్లటి అక్షరాలతో పడినప్పుడు ప్రసారంలోనో సెట్టులోనో బలం సున్నాకు దిగిందనుకోండి. ఆ అక్షరాలున్న గీతల దగ్గరల్లా శబ్దం తెగుతుంది. బొమ్మ సెకనుకు 50 సార్లు పైనుంచి కిందికి గీయబడుతుంది కనుక ఆ తెంపులు 50 హెర్ట్జ్ మోతగా చెవికి చేరతాయి. అక్షరాలు పోగానే మోతా పోతుంది.

దీనికి తిరగబడ్డ జబ్బు ఇంకొకటి. శబ్దం బొమ్మలోకి చొరబడకుండా దాన్ని సుమారు ఇరవయ్యో వంతుకు అణచి ఉంచుతారు. ఆ అణిచే ట్రాప్ జరిగిందంటే మనిషి మాట్లాడిన ప్రతిసారీ తెర మీద అడ్డపట్టీలు ఆడతాయి. మాట ఆగితే పట్టీలు ఆగుతాయి. వినికిడిలో తప్పు కంటికి కనిపించడం, చూపులో తప్పు చెవికి వినిపించడం ఈ యంత్రంలోని గొప్ప విశేషం. దాని లోపలి అమరికను బయటినుంచే చదివే అవకాశం అది ఇస్తుంది.

శబ్దానికి ఎఫ్‌ఎం పద్ధతి వాడటం వల్ల ఒక మేలు జరిగింది. విశాఖ ఓడల కర్మాగారంలో, ఉక్కు ఫ్యాక్టరీ చుట్టూ వెల్డింగు నిప్పురవ్వలకు, మోటార్ల బ్రష్షులకు ఏం కొదవ? అవి పుట్టించే అల్లరి తరంగాలు తెర మీద తెల్లటి చుక్కలు చల్లుతాయి. మాట మాత్రం చాలావరకు తేటగానే ఉంటుంది. అల్లరి తరంగపు ఎత్తులో చేరుతుంది, ఎఫ్‌ఎం మాటను ఎత్తులో కాక తరంగపు ఫ్రీక్వెన్సీ మార్పుల్లో దాస్తుంది. ఈ మేలు చేసిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 1933లో పేటెంట్లు దక్కాయి. టీవీల్లో తన ఎఫ్‌ఎంను వాడుకుని రాయల్టీ ఇవ్వలేదని 1948లో అమెరికా రేడియో కంపెనీ ఆర్‌సీఏ మీద ఆయన దావా వేశాడు. వ్యాజ్యంలో చితికిపోయి 1954లో ప్రాణం తీసుకున్నాడు. భార్య మేరియన్ ఒక్కో కంపెనీ మీదా పోరాడి, చివరి తీర్పును 1967లో గెలిచింది. టీవీలో మాట తేటగా వినబడిన ప్రతి ఇల్లూ ఆ ఇద్దరికీ రుణపడి ఉంది.

అదే 1967లో హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ పుట్టింది. దాని నిర్మాత అయ్యగారి సాంబశివరావు. అక్కడ తయారైన ఈసీ టీవీలు తెలుగు ఇళ్లలో చాలాకాలం బతికాయి. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు సాగిన సైట్ ప్రయోగంలో ఉపగ్రహం నేరుగా పల్లెలకు ప్రసారాలు పంపినప్పుడు, ఒకే బొమ్మకు రెండు శబ్ద మార్గాలు జోడించారు. ఆంధ్ర పల్లెలో సెట్టు తెలుగు పలికితే, అదే బొమ్మకు కర్ణాటక పల్లెలో సెట్టు కన్నడం పలికేది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది.

ఆ కాలపు చాలా బ్లాక్ అండ్ వైట్ సెట్లలో శబ్దం పని రెండు ఐసీలది. బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి సీఏ 3065 ఎఫ్‌ఎం నుంచి మాటను విడదీస్తుంది, సీఏ 810 దాన్ని స్పీకరుకు సరిపడా పెంచుతుంది. పాలిటెక్నిక్ పిల్లలు గులాటీ రాసిన టీవీ పాఠ్యపుస్తకంలో ఈ నంబర్లు చదువుకుని పనిలోకి దిగారు. వాళ్ల పద్ధతి వెనక నుంచి ముందుకు నడుస్తుంది. స్పీకరు తీగ ఒకటి ఊడదీసి బ్యాటరీ సెల్లు తాకిస్తే 'టప్' అనాలి. అంటే స్పీకరు బతికుంది. తర్వాత ఆడియో ఐసీ ఇన్‌పుట్ దగ్గర చిన్న సంకేతం ఇస్తే స్పీకరు మోగాలి. మోగితే లోపం అంతకు ముందుంది, మోగకపోతే తర్వాత ఉంది. ఇలా సగం సగం కొట్టేసుకుంటూ పోతే వెతకాల్సిన చోటు ఇట్టే కుంచించుకుపోతుంది. రేడియో అలవాటు కొద్దీ కొందరు వాల్యూమ్ కంట్రోల్ తీగను తాకి, మోత రాలేదని ఆంప్లిఫయర్‌ను అనుమానిస్తారు. సీఏ 3065 ఉన్న సెట్టులో ఆ తీగలో శబ్దం పారదు. మాట ఎంత బయటికి రావాలో ఐసీకి చెప్పే డీసీ వోల్టేజి మాత్రమే ఉంటుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా కరెంటు నేరుగా తీసుకునే సెట్లలో, ప్లగ్ ఎటు తిప్పి పెట్టినా ఛాసిస్ షాక్ కొట్టే ప్రమాదం ఉంది. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మూత విప్పిన సెట్టు మీద చెయ్యి వేయకూడదు. పిక్చర్ ట్యూబు దగ్గరి వేల వోల్టులు స్విచ్ కట్టేసిన తర్వాత కూడా నిలిచి ఉంటాయి.

మోతల్లోనూ తేడా పట్టాలి. వాల్యూమ్ పూర్తిగా తగ్గించినా 'హుమ్మ్' అని 100 హెర్ట్జ్ మోత నిలిచి ఉంటే, పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయింది. వాల్యూమ్‌తో పాటు తగ్గి, బొమ్మను బట్టి మారే మోత ఇంటర్‌కారియర్‌ది. స్పీకరుకు ముందున్న కెపాసిటర్ ఎండితే మాట పల్చబడి, కంఠంలో గాంభీర్యం పోతుంది. వాల్యూమ్ ఎంతలో ఉన్నా మాట బరబరలాడితే 5.5 కాయిల్ కోర్ జరిగిందేమో చూడాలి. దాన్ని ప్లాస్టిక్ పుల్లతోనే తిప్పాలి. ఇనుప స్క్రూడ్రైవరుకు ఆ ఫెరైట్ పగిలిపోతుంది.

విశాఖలో వీటన్నిటికీ సముద్రం తోడవుతుంది. ఉప్పు పేరిన దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది. 1976లో ఔటర్ హార్బర్ మొదలై బైలదిల్లా ఇనుప ఖనిజం పెద్ద ఓడలకెక్కిన ఊరిది. ఖనిజం, బొగ్గు ధూళి గురించి వన్‌టౌన్ వాసుల ఫిర్యాదు పాతదే. ఆ పొర సర్క్యూటు బోర్డు మీద పరుచుకుంటే వోల్టేజీకి దొంగదారులు ఏర్పడతాయి. టంకం మీద పచ్చటి చిలుము పడుతుంది, ట్యూనర్ కాంటాక్టులు నల్లబడతాయి. స్పీకరు కాగితం ఉబ్బి కాయిల్ అయస్కాంతానికి రాసుకుంటుంది. వేళ్లతో కోన్‌ను మెల్లగా నొక్కితే ఆ గీరుడు చేతికే తెలుస్తుంది. అందుకే ఈ ఊళ్లో మీటరు తీయకముందు మెత్తటి బ్రష్షూ కాంటాక్ట్ క్లీనరూ తీయడం సరైన క్రమం. శుభ్రం చేయకుండా ఐసీలు మార్చడం డబ్బు దండగ, పాత ఐసీలు దొరకడమే కష్టమైన ఈ రోజుల్లో పాపం కూడా.

దూరదర్శన్ పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ 2022 నాటికి ఆగిపోయాయి. ఇప్పుడు ఈ సెట్టుకు ఏరియల్ పనికిరాదు. సెట్‌టాప్ బాక్సు బొమ్మను ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ ద్వారా ఇవ్వాలి. బాగున్న సెట్టు మళ్లీ బుస కొడితే మాడ్యులేటర్ మెనూ తెరవండి. అక్కడ బీజీ, ఐ, డీకే అని మూడు రకాలు కనిపించవచ్చు. అవి వరసగా 5.5, 6, 6.5. మన సెట్టుకు బీజీ ఎంచాలి.